చుట్టూ తిరిగే పాట్‌లో 20 డిగ్రీల ఖాళీ

ముంబయి కామాటిపుర గల్లీల్లోంచి బయటపడి, ఫాక్‌లాండ్ రోడ్డు దాటి పడమరగా కాసేపు నడిస్తే లామింగ్టన్ రోడ్డు వస్తుంది. నగర పాలిక పెట్టిన పేరు డాక్టర్ దాదాసాహెబ్ భడ్కమ్కర్ మార్గ్ అయినా, ఎలక్ట్రానిక్స్ సామాను కొనేవాళ్ళందరికీ అది లామింగ్టన్ రోడ్డే. రెసిస్టర్ల దగ్గర నుంచి ఆర్డుయినో బోర్డుల దాకా అక్కడ దొరకనిది తక్కువ. దేశంలో ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు వెతుక్కుంటూ వచ్చే ఆ బజారు మన చాళ్ళకు నడిచి వెళ్ళే దూరంలో ఉంది.

నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుంచి 18వ శతాబ్దం చివరి నుంచీ తరలివచ్చి, ఈ నగరపు ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాటీల పేరు మీదనే కామాటిపుర వెలిసింది. ముంబయి మహానగర పాలిక నేటికీ ఎనిమిది భాషల్లో బళ్ళు నడుపుతోంది, అందులో తెలుగు ఒకటి. ఆ బళ్ళలో చదివే పిల్లలు బజారుకు వెళ్ళి ఒక బోర్డూ, ఒక నాబూ కొనుక్కు రాగలరు. అది పనిచేసే తీరు వివరంగా చెప్పే తెలుగు పుస్తకం మాత్రం చేతికి అందదు. అందుకే ఒక చిన్న భాగాన్ని, ఎంతోమందిని తికమకపెట్టే భాగాన్ని, ఇక్కడ మొదటి నుంచీ చివరి దాకా విడమరిచి చెబుతున్నాను. అది అడ్డు లేకుండా ఎన్ని చుట్లయినా తిరిగే పొటెన్షియోమీటర్. బజారు భాషలో పాట్.

మామూలు పాట్ లోపల ఏముంది

పాత రేడియోలో శబ్దం పెంచి తగ్గించే వాల్యూమ్ కంట్రోల్ ఒక పాట్. పాడైపోయినదాన్ని ఒకటి తీసుకుని, వెనక రేకును పట్టి ఉంచిన నాలుగు చిన్న మడతలను స్క్రూడ్రైవర్ మొనతో పైకి లేపండి. రేకు ఊడి వస్తుంది. లోపల గుర్రపు నాడా ఆకారంలో నల్లటి కార్బన్ పట్టీ కనిపిస్తుంది. దాన్ని ట్రాక్ అంటారు. దాని రెండు చివర్లూ బయటి రెండు పిన్నులకు కలిసి ఉంటాయి. మధ్య పిన్ను మాత్రం ఒక సన్నని లోహపు వేలికి కలుస్తుంది. నాబ్ బిగించే కడ్డీని, అంటే షాఫ్ట్‌ను, తిప్పితే ఆ వేలు ట్రాక్ మీద రాసుకుంటూ జరుగుతుంది. దాని పేరు వైపర్. రేకు అంచున లోపలికి పొడుచుకొచ్చిన చిన్న మెట్టు కూడా చూడండి. షాఫ్ట్ దానికి తగిలి ఆగిపోతుంది. అందుకే మామూలు పాట్ 270 నుంచి 300 డిగ్రీల వరకే తిరుగుతుంది.

ఒక బయటి పిన్నుకు 5 వోల్టులు, రెండో దానికి గ్రౌండ్ ఇచ్చామనుకోండి. ట్రాక్ పొడవునా వోల్టేజి ఒక చివర 5 నుంచి మరో చివర సున్నాకు క్రమంగా దిగుతుంది. వైపర్ ఎక్కడ ఆనితే అక్కడి వోల్టేజి మధ్య పిన్ను మీదికి వస్తుంది. సగంలో ఉంటే 2.5, పావులో ఉంటే 1.25. నాబ్ ఏ కోణంలో ఉందో ఇలా వోల్టేజిగా మారుతుంది. కొనేటప్పుడు పాట్ మీద బీ10కె అని ఉన్నది అడగండి. 10కె అంటే 10 వేల ఓమ్‌లు. బీ అంటే కోణంతో సమంగా మారే రకం. బీకి బదులు ‘ఏ’ ఉన్నది శబ్దం కోసం తయారైనది, కొలతకు పనికిరాదు.

బోర్డు ఏం చదువుతుంది

ఆర్డుయినో యునో బోర్డు మీద ఏ0 నుంచి ఏ5 వరకు ఆరు అనలాగ్ పిన్నులు ఉన్నాయి. వాటిలో ఒకదానికి పాట్ మధ్య పిన్ను కలుపుతాం. బోర్డు మీది ఏటీమెగా328పి చిప్ ఆ వోల్టేజిని 1024 మెట్లుగా విభజించి, 0 నుంచి 1023 వరకు ఒక అంకె ఇస్తుంది. ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చిప్ కొలిచేది తన సొంత సరఫరాతో పోల్చిన నిష్పత్తిని. పాట్‌కూ, బోర్డుకూ ఒకే 5 వోల్టులు అందుతున్నంత కాలం, చార్జర్ బలహీనపడి అది 4.7కు దిగినా రీడింగ్ మారదు. రెండూ ఒకేసారి, ఒకే నిష్పత్తిలో దిగుతాయి కాబట్టి. వేరే సరఫరా నుంచి పాట్‌కు కరెంటు ఇస్తే ఈ రక్షణ పోతుంది.

రెండోది, చిప్ లోపల 14 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఉంటుంది. రీడింగ్ తీసే క్షణంలో మన వోల్టేజి దాన్ని నింపాలి. నింపే దారిలో నిరోధం 10 వేల ఓమ్‌లకు మించకపోతే మంచిదని చిప్ తయారీదారు సూచన. 10కె పాట్‌లో వైపర్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు ఆ నిరోధం అత్యధికంగా 2.5 వేల ఓమ్‌లు, అంటే పాట్ విలువలో పావు. కనుక ఇబ్బంది లేదు. 100కె పాట్ పెడితే అది 25 వేలకు చేరుతుంది. అప్పుడు రీడింగులు పక్క పిన్ను ప్రభావానికి లోనై వణుకుతాయి. 10కె పాట్‌నే వాడమని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇది.

మెట్టు తీసేస్తే

షాఫ్ట్‌ను ఆపే మెట్టు లేకుండా చేస్తే పాట్ ఎన్ని చుట్లయినా తిరుగుతుంది. అదే కంటిన్యువస్ రొటేషన్ పాట్. ట్రాక్ మాత్రం ఎప్పటిలాగే రెండు చివర్లున్నదే. ఒక చివర 5 వోల్టులు, మరో చివర సున్నా ఉన్నప్పుడు ఆ రెంటినీ కలిపేస్తే షార్ట్ అవుతుంది. కాబట్టి మధ్యలో కొంత ఖాళీ వదలక తప్పదు.

తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, అంటే డేటాషీట్‌లో, ఈ సంగతి రెండు వేర్వేరు అంకెలుగా ఉంటుంది. ఒకటి మెకానికల్ యాంగిల్, షాఫ్ట్ ఎంత తిరుగుతుందన్నది. అక్కడ 360 డిగ్రీలు, ఆగకుండా అని రాసి ఉంటుంది. రెండోది ఎలక్ట్రికల్ యాంగిల్, ట్రాక్ ఎంత మేర ఉందన్నది. బోర్న్స్ కంపెనీ 6639 రకంలో అది 340 డిగ్రీలు. మిగతా 20 డిగ్రీలలో వైపర్ దేనికీ ఆనదు.

మొదటి పొరపాటు ఇక్కడే దొర్లుతుంది. పూర్తిగా తిరుగుతుంది కదా అని రీడింగును 360తో గుణించి 1023తో భాగిస్తారు. గుణించాల్సింది 340తో. రీడింగ్ 512 వచ్చినప్పుడు నిజమైన కోణం 170 డిగ్రీలు. 360తో గుణిస్తే 180 వస్తుంది. ట్రాక్ చివరికి వచ్చేసరికి తేడా 20 డిగ్రీలకు పెరుగుతుంది.

ఖాళీలో పిన్ను ఏం చెబుతుంది

వైపర్ ఖాళీలో ఉన్నప్పుడు అనలాగ్ పిన్ను దేనికీ కలిసి ఉండదు. దేనికీ కలవని పిన్ను సున్నా చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది సున్నా చూపించదు. చిప్ లోపలి కెపాసిటర్‌లో మిగిలిపోయిన వోల్టేజి, పక్క తీగల నుంచీ, గోడలోని కరెంటు వైర్ల నుంచీ అంటుకునే అలజడి, ఇవన్నీ కలిసి ఏదో ఒక అంకె చూపిస్తాయి. షాఫ్ట్‌ను నెమ్మదిగా ముందుకు తిప్పుతూ ఖాళీ దాటిస్తే తెర మీద ఇలాంటి వరస కనిపించవచ్చు:

1015, 1021, 611, 274, 2, 9.

ఇందులో 611, 274 అబద్ధాలు. అవి చూసి కోణం లెక్కగడితే షాఫ్ట్ ఒక్కసారిగా అవతలి వైపుకు దూకినట్టు కనిపిస్తుంది. చుట్లు లెక్కపెట్టే పనిలో అయితే నష్టం ఇంకా పెద్దది.

చుట్టు పూర్తయినప్పుడు గడియారంలో 11 గంటల 59 నిమిషాల తర్వాత 12 వచ్చి, మళ్ళీ 1 మొదలైనట్టు, పాట్ రీడింగ్ కూడా 1023 నుంచి సున్నాకు పడుతుంది. ప్రోగ్రాములో ఈ దూకుడును పట్టుకునే నియమం సులువు. కొత్త రీడింగులోంచి పాత రీడింగు తీసెయ్యండి. తేడా మైనస్ 512 కన్నా కిందికి పోతే ముందుకు ఒక చుట్టు పూర్తయింది. ప్లస్ 512 దాటితే వెనక్కి ఒక చుట్టు తిరిగింది. మొత్తం కోణం కావాలంటే పూర్తయిన చుట్లను 360తో గుణించి, ఇప్పటి రీడింగ్ చెప్పే కోణాన్ని దానికి కలపాలి.

ఇప్పుడు పై వరసను ఈ నియమంతో చూడండి. 1021 నుంచి 611కు తేడా మైనస్ 410. అక్కడి నుంచి 274కు మైనస్ 337. అక్కడి నుంచి 2కు మైనస్ 272. ఒక్కటీ 512 దాటలేదు. కనుక చుట్టు పూర్తయినట్టు ప్రోగ్రాముకు తెలియదు. షాఫ్ట్ వెనక్కి దాదాపు ఒక పూర్తి చుట్టు తిరిగిందని లెక్క వేసుకుంటుంది. నిజానికి షాఫ్ట్ కాస్త ముందుకు జరిగింది, అంతే. ప్రోగ్రాములో ఒక్క అక్షరం తప్పు లేకపోయినా లెక్క ఒక చుట్టు తప్పిపోయింది. తప్పు ఎక్కడుందో తెలియక పిల్లలు రోజుల తరబడి కోడ్ మార్చి మార్చి విసిగిపోయేది ఇలాంటి చోటే.

ఒక్క రెసిస్టర్ చేసే మేలు

మందు చవకైనదే. అనలాగ్ పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్ కలపాలి. వైపర్ ఖాళీలోకి వెళ్ళగానే అది పిన్నును సున్నాకు లాగేస్తుంది. అప్పుడు వరస 1015, 1021, 0, 0, 2, 9 అవుతుంది. 1021 నుంచి సున్నాకు తేడా మైనస్ 1021. ప్రోగ్రాము చుట్టును వెంటనే గుర్తిస్తుంది.

ఎంత విలువ రెసిస్టర్ పెట్టాలన్నది ఆలోచించి తేల్చుకోవాలి. వైపర్ ట్రాక్ మీద ఉన్నప్పుడు కూడా ఈ రెసిస్టర్ కొంత కరెంటు లాగుతూనే ఉంటుంది, దానివల్ల రీడింగ్ కాస్త తగ్గుతుంది. 10కె పాట్‌కు 100కె రెసిస్టర్ కలిపితే సరిగ్గా మధ్యలో 512 రావలసిన చోట సుమారు 500 వస్తుంది. కోణంలో అది దాదాపు 4 డిగ్రీల తప్పు. 1 మెగా ఓమ్ పెడితే తప్పు ఒక్క అంకెకు పరిమితమవుతుంది. కనుక 1 మెగాతో మొదలుపెట్టండి.

దీనికి తోడు మరో జాగ్రత్త. రీడింగ్ వణకకుండా ఉండాలని పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 104 అని ముద్రించిన చిన్న కెపాసిటర్ పెట్టడం చాలామందికి అలవాటు. మామూలు పాట్‌కు అది మంచిదే. ఇక్కడ చెరుపు చేస్తుంది. 104 అంటే 0.1 మైక్రోఫారడ్. 1 మెగా ఓమ్ ద్వారా అది చాలావరకు ఖాళీ కావడానికే సెకనులో పదోవంతు పడుతుంది. సెకనుకు ఒక చుట్టు తిరిగే షాఫ్ట్ 20 డిగ్రీల ఖాళీని దాటడానికి సెకనులో పద్దెనిమిదో వంతు చాలు. అంటే వోల్టేజి సున్నాకు చేరకముందే వైపర్ అవతలి ఒడ్డుకు వచ్చేస్తుంది. ఈలోగా నెమ్మదిగా జారుతున్న వోల్టేజి షాఫ్ట్ వెనక్కి తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. షాఫ్ట్ ఇంకా నెమ్మదిగా తిరిగితే ఇందాకటి పొరపాటే మరో వేషంలో తిరిగి వస్తుంది. కాబట్టి ఈ పాట్ దగ్గర కెపాసిటర్ తీసెయ్యండి.

రీడింగులు ఎంత తరచుగా తియ్యాలన్నదీ ముఖ్యమే. రెండు రీడింగుల మధ్య షాఫ్ట్ అర చుట్టు కన్నా తక్కువ తిరిగి ఉండాలి. యునో బోర్డు సెకనుకు దాదాపు 10 వేల రీడింగులు తియ్యగలదు. చేత్తో ఎంత వేగంగా తిప్పినా దానికి భయం లేదు. ప్రోగ్రాము మధ్యలో ఒక సెకను ఆగమని రాసి పెడితే మాత్రం ఆ సెకనులో జరిగిన చుట్లు లెక్కలోకి రావు.

యునోకు బదులు ఈఎస్‌పీ32 బోర్డు వాడేవారికి ఒక హెచ్చరిక. దాని పిన్నులకు 3.3 వోల్టులు మించి ఇవ్వకూడదు. పైగా సున్నాకు దగ్గర్లోనూ, పై చివరలోనూ దాని రీడింగులు నమ్మదగినవి కావు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న ఒడ్డులు సరిగ్గా అక్కడే పడతాయి. దానివల్ల ఖాళీ ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది.

రెండు వైపర్ల ఉపాయం

రెసిస్టర్‌తో చుట్ల లెక్క నిలబడుతుంది. ఖాళీ లోపల సరిగ్గా ఏ కోణంలో ఉందో మాత్రం తెలియదు. అది కూడా కావాలంటే రెండు వైపర్లున్న రకం తీసుకోవాలి. ఆల్ప్స్ కంపెనీ ఆర్‌డీసీ శ్రేణిలోని కొన్ని సెన్సర్లలో ఒకే షాఫ్ట్‌తో రెండు వైపర్లు తిరుగుతాయి. మొదటిది ఖాళీలో ఉన్న సమయంలో రెండోది తన ట్రాక్ నడుమ ఉంటుంది. రెండు అనలాగ్ పిన్నులకు కలిపి, ఎప్పుడు ఏది ట్రాక్ మీద భద్రంగా ఉందో చూసి దాన్నే నమ్మాలి.

మరో పద్ధతిలో ట్రాక్‌ను పూర్తి వలయంగానే చేస్తారు. ఒక చోట 5 వోల్టులు, దానికి సరిగ్గా ఎదురుగా గ్రౌండ్ ఇస్తారు. వోల్టేజి సగం చుట్టు ఎక్కుతుంది, సగం చుట్టు దిగుతుంది. ఎక్కడా తెగదు. చిక్కల్లా, ఒకే వోల్టేజి రెండు చోట్ల కనిపిస్తుంది. 90 డిగ్రీల ఎడంతో రెండో వైపర్ పెడితే షాఫ్ట్ ఎక్కే సగంలో ఉందో దిగే సగంలో ఉందో అది చెబుతుంది. మ్యూజిక్ కీబోర్డుల మీద అంతులేకుండా తిరిగే నాబులు కొన్ని ఇలా చేసినవే.

మేడ మీది గాలి

ఈ పాట్ నిజంగా అక్కరకొచ్చే చోటు గాలి దిక్కు చెప్పే వేన్. తోక ఎటు తిరిగినా అడ్డు ఉండకూడదు, కరెంటు పోయి వచ్చినా దిక్కు వెంటనే తెలియాలి. ఈ రెండూ ఇచ్చేది ఈ పాట్. డేవిస్ కంపెనీ వాతావరణ కేంద్రాల్లో కొన్నింటి వేన్‌లో 20కె పాట్ ఉంటుంది. గాలిమరలు పెట్టే ముందు ఆ చోట ఎత్తయిన స్తంభం నిలబెట్టి నెలల తరబడి గాలిని కొలుస్తారు. ఆ పనికి పేరున్న ఎన్‌ఆర్‌జీ 200పి వేన్‌లో 10కె పాట్ ఉంది, ఖాళీ 8 డిగ్రీలకు మించదు.

ముంబయిలాంటి ఊళ్ళో ఇలాంటి కొలత పిల్లల ఆట కన్నా పెద్ద విషయం. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడితే, అదే నగరంలోని కొలాబా అబ్జర్వేటరీలో నమోదైంది 73 మిల్లీమీటర్లు. ఒక పేట సంగతి మరో పేట పరికరం చెప్పలేదు. కామాటిపుర మేడ మీద గాలినీ వాననూ కొలవాలంటే కామాటిపుర మేడ మీదే పరికరం ఉండాలి.

వేన్ బిగించేటప్పుడు ఖాళీ ఎటు పెట్టాలో ముందే తేల్చుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ముంబయి మీదికి గాలి ప్రధానంగా నైరుతి, పడమర దిక్కుల నుంచి వస్తుంది. ఖాళీ అటు పడితే ఏడాదిలోకెల్లా ముఖ్యమైన గాలే లెక్కలోకి రాదు. మీ మేడ మీద ఏ దిక్కు గాలి అరుదో కొన్నాళ్ళు గమనించి ఖాళీని అటు తిప్పండి. ఉత్తరంతో వచ్చిన తేడాను ప్రోగ్రాములో కలిపి సరిచెయ్యవచ్చు.

సగటు తీసేటప్పుడు ఇంకొక చిక్కు ఉంది. గాలి కాసేపు 350 డిగ్రీల నుంచి, కాసేపు 10 డిగ్రీల నుంచి వచ్చింది. రెండూ ఉత్తరపు గాలులే. మామూలుగా సగటు తీస్తే 180 వస్తుంది, అంటే దక్షిణం. అందుకే ప్రతి కోణానికీ సైన్, కొసైన్ కట్టి, వాటిని విడివిడిగా కూడి, ఆ మొత్తాల నుంచి దిక్కును రాబట్టాలి. తొమ్మిదో, పదో తరగతుల్లో ఎందుకు నేర్చుకుంటున్నామా అనిపించే త్రికోణమితి ఇక్కడ అన్నం పెట్టే విద్య అవుతుంది.

ఏ పనికి ఏది

అడ్డు లేకుండా తిరగాలి, కరెంటు పోయి వచ్చినా కోణం తెలియాలి అంటే ఈ పాట్ సరైనది. ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్క మాత్రం కరెంటు పోతే దీనికీ గుర్తుండదు. పది చుట్ల వరకు చాలు, ఆ లెక్క కూడా నిలవాలి అనుకుంటే ఆర్నాల్డ్ బెక్‌మన్ 1940లలో ప్రచారంలోకి తెచ్చిన హెలిపాట్ తరహా పాట్ తీసుకోవాలి. అందులో ట్రాక్ స్ప్రింగులా చుట్టుకుని 3600 డిగ్రీల పొడవు ఉంటుంది. మెనూలో పైకీ కిందికీ జరగడానికైతే రోటరీ ఎన్‌కోడర్ చాలు. అది ఎంత జరిగిందో చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు.

సముద్రపు తేమలో ఏళ్ళ తరబడి పనిచెయ్యాల్సిన చోట ఏఎస్5600 లాంటి అయస్కాంతపు సెన్సర్‌ను ఆలోచించండి. షాఫ్ట్ చివర చిన్న అయస్కాంతం తిరిగితే, దాన్ని తాకకుండానే ఆ చిప్ చుట్టును 4096 భాగాలుగా చదువుతుంది. రాసుకునేది లేదు కాబట్టి అరిగేదీ లేదు, ఖాళీ అసలే లేదు. అయినా విద్యార్థి చేతికి ముందు పాట్ ఇవ్వమనే నా సలహా. విప్పి చూస్తే వైపర్ కనిపిస్తుంది, ట్రాక్ కనిపిస్తుంది, ఖాళీ కంటికే కనిపిస్తుంది. మూసి ఉన్న చిప్ నుంచి ఆ చదువు రాదు.

లామింగ్టన్ రోడ్డు దుకాణాల్లో విడిగా అడిగితే చేతికిచ్చేది ఎక్కువగా మామూలు పాట్. అక్కడే షాఫ్ట్ తిప్పి చూడండి, మెట్టుకు తగిలి ఆగితే అది మీకు కావలసింది కాదు. ఆగకుండా తిరిగితే దాని నంబరు రాసుకుని, డబ్బు ఇచ్చే ముందు ఫోన్‌లో డేటాషీట్ తెరిచి ఎలక్ట్రికల్ యాంగిల్ ఎంతో చూడండి. దాంతోపాటు ఒక 1 మెగా ఓమ్ రెసిస్టర్ కూడా కొనుక్కుని ఇంటికి వెళ్ళండి.